పాత ఫియట్ కొనే ముందు: ముందు కాగితం, తర్వాత రేకు, ఆ తర్వాతే ఇంజిన్

ఇటలీ కారు అనగానే ఎర్రటి ఫెరారీయో, ఆల్ఫా రోమియోనో కళ్ళ ముందు మెదులుతుంది. కానీ హైదరాబాద్ ఇళ్ళ ముందు నిజంగా నిలబడిన ఇటలీ కారు ఫియట్ 1100. 1953లో ట్యూరిన్ నుంచి వచ్చిన ఈ కారుకు అదే ఏడాది టీవీ అనే స్పోర్ట్స్ రూపం కూడా తెచ్చారు. టీవీ అంటే టురిస్మో వెలోచే, వేగంగా పోయే టూరింగ్ కారు అని. మన దేశంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు బొంబాయిలోని కుర్లాలో దీన్ని తయారుచేశారు. సెలెక్ట్, డిలైట్, ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని అంటూ పేర్లు మారాయి. 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్ మాత్రం దశాబ్దాల పాటు అదే కుటుంబంలోది.

ఇప్పుడు ఇలాంటి కారు కొనాలని చాలామందికి ఉంది. తాతగారి జ్ఞాపకం కొందరికి, ఆ గుండ్రటి బానెట్ మీద ప్రేమ కొందరికి. కారణం ఏదైనా, చూడ్డానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ముందు చేసే పని ఒకటే: తాళం తిప్పి ఇంజిన్ శబ్దం వినడం. నేనూ మొదటిసారి అదే చేశాను. ఇంజిన్ చక్కగా పాడింది, కొత్త రంగు మెరిసింది, ఆ సాయంత్రమే డబ్బిచ్చేశాను. నాలుగు నెలల తర్వాత మ్యాట్ ఎత్తితే డ్రైవర్ కాళ్ళ కింద రేకు బదులు తారు పూసిన గుడ్డ కనిపించింది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. కారు కొనడానికి అయిన డబ్బు కంటే రేకు పనికి అయిన డబ్బే ఎక్కువ.

అందుకే నేను చెప్పే వరుస తలకిందులుగా ఉంటుంది. ఈ కారు ఇంజిన్‌ని ఎప్పుడైనా బాగు చేయించుకోవచ్చు. రేకు కుళ్ళితే ఖర్చుకి అంతుండదు. కాగితం పోతే ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు.

ఇంటి నుంచి కదలకముందు

ఫోన్‌లోనే మూడు అడగండి. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? ఎప్పటి దాకా చెల్లుతుంది? బండి ఇన్నాళ్ళూ ఏ ఊళ్ళో ఉంది? మూడోది చాలామంది అడగరు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, మద్రాసు, బొంబాయి గాలిలో ఉప్పుంటుంది. అక్కడ ముప్పై ఏళ్ళు తిరిగిన బండికీ, మన దక్కన్ పొడి ఎండలో అన్నేళ్ళే ఉన్న బండికీ రేకులో చాలా తేడా వస్తుంది. హైదరాబాద్, కర్నూలు, నిజామాబాద్ వైపు బండి అయితే సగం టెన్షన్ తగ్గినట్టే. సగమే ఎందుకంటే 2020 అక్టోబర్ వరదలో మన నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. ఆ నీళ్ళలో నిలబడిన బండి ఏ ఊరిదైనా ఒకటే. "సెల్లార్‌లో ఉండేదా?" అని కూడా అడగండి.

ఇంకో మాట: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని గట్టిగా చెప్పండి. ఎందుకో తర్వాత చెబుతాను.

కాగితాలు

1989కి ముందు రిజిస్టర్ అయిన ఆంధ్రప్రదేశ్ బండ్లకు 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాల నంబరుంటుంది. తర్వాత ఖైరతాబాద్‌కు ఏపీ 09, సికింద్రాబాద్‌కు ఏపీ 10 లాంటివి వచ్చాయి. 2014 తర్వాత టీఎస్, 2024 నుంచి టీజీ. పాత నంబర్ ఉన్న బండి ముచ్చటగానే ఉంటుంది కానీ, దాని ఆర్సీ చాలాసార్లు చేత్తో రాసిన పుస్తకమే అయి ఉంటుంది. ఆ వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లోకి ఎక్కాయా లేదా చూడండి. ఎక్కకపోతే పేరు మార్పిడి ముందుకు సాగదు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించే పని అమ్మేవాళ్ళే పూర్తి చేసి ఇవ్వాలని మాట తీసుకోండి. మీరు చేయించుకుంటానని ఒప్పుకోకండి.

సొంత కారు ఆర్సీ మొదట 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి. గడువు దాటిపోయిన బండి అయితే ఫీజు, ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కలిపి ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళి లెక్క వేయించుకుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయండి. బండి వయసు పెరిగేకొద్దీ రెన్యూవల్ ఫీజు కూడా పెరుగుతుంది.

బానెట్ తెరిచి ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్సీతో అంకె అంకె పోల్చండి. బానెట్ కింద కంపెనీ బిగించిన ప్లేటు మీదిది ఒక్కటే చూసి ఊరుకోవద్దు, రేకు మీద కొట్టినది కూడా చూపించమనండి. ఆ చుట్టూ వెల్డింగ్ మచ్చలున్నా, అంకెల వరుస వంకరగా ఉన్నా, అక్కడ మాత్రమే కొత్త రంగున్నా వెనక్కి వచ్చేయండి. ఎంత చవకగా వచ్చినా ఆ బండి వద్దు.

ఇంజిన్ నంబర్ తేడా ఎక్కువ కనిపిస్తుంది. ఒకప్పుడు పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక చాలామంది డీజిల్ ఇంజిన్లు వేయించారు. కొందరు మారుతి ఇంజిన్ ఎక్కించారు. గ్యాస్ కిట్లు పెట్టినవాళ్ళూ ఉన్నారు. అది ఆర్సీలో రాయించి ఉంటే చట్టప్రకారం సరే. రాయించకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మీరే ఇబ్బంది పడతారు. అసలు ఇంజిన్ లేని ఫియట్‌ని నేనైతే కొనను. అందులో మిగిలేది ఆకారమే.

యజమాని చనిపోయి ఉంటే ఫారం 31 మీద వారసులు ముందు తమ పేరుకి మార్పించుకోవాలి. పాత ఫియట్లలో ఇది చాలా మామూలు. నాన్నగారి కారుని కొడుకు అమ్ముతుంటాడు, చెల్లెళ్ళకు తెలియదు. ఆయన మంచివాడే కావచ్చు, అయినా అందరి అంగీకారం కాగితం మీద అడగండి. వేరే రాష్ట్రం బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అక్కడి ఆర్టీఏ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు లోను పేరు ఆర్సీ మీద అలాగే ఉండిపోతుంది. ఫారం 35తో దాన్ని తీయించమనండి. చలానాలు ఏమున్నాయో తెలంగాణ ఈ-చలాన్ సైట్లో నిమిషంలో తేలుతుంది.

బండికి 50 ఏళ్ళు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ దారి ఒకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ఇది. నంబర్లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యూవల్‌కి 5 వేలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అయితే ఆ నంబర్ తీసుకుంటే రోజూ ఆఫీసుకి వెళ్ళడానికి వీల్లేదు. ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలు పోయించుకోవడానికో తప్ప రోడ్డెక్కకూడదు. ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీద ఇంట్లోవాళ్ళతో ఓ చుట్టు వేద్దామనుకునేవాళ్ళకు మామూలు రెన్యూవలే మేలు.

రేకు: ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

ఫియట్ 1100కి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే ఛాసిస్. ఫ్లోరు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి పట్టీలు, వెనక కమాన్ కట్టలు బిగించిన చోట్లు, ఇవే బండి బరువంతా మోస్తాయి. జీపులా పైన రేకు పోయినా కింద ఫ్రేమ్ ఉందిలే అనుకోవడానికి లేదు. కింద తుప్పు పట్టిందంటే బండి నడుము విరిగినట్టే.

పగటి వెలుగులో వెళ్ళండి. కడిగి తడిగా ఉన్న బండిని చూడకండి, తడి రేకు మీద అన్ని లోపాలూ మాయమవుతాయి. కొత్త రంగు వేసిన బండిని మరింత అనుమానంగా చూడండి. పైన పటారం లోన లొటారం అనే మాట పాత కార్లకు అక్షరాలా సరిపోతుంది. నా మటుకు నాకు, వెలిసిపోయిన పాత రంగుతో ఉన్న బండే ఎక్కువ నమ్మకం. అందులో దాచడానికి ఏమీ ఉండదు.

తీసుకెళ్ళాల్సినవి కొన్నే. పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి, స్క్రూడ్రైవర్, కింద పడుకోవడానికి పాత దుప్పటి. అయస్కాంతాన్ని మడ్‌గార్డ్ చుట్టూ, తలుపుల అడుగున, డిక్కీ అంచుల వెంబడి నడిపించండి. ఎక్కడ పట్టు వదిలేసిందో అక్కడ పుట్టీ ఉంది. కొంచెం పుట్టీ నేరం కాదు, నలభై ఏళ్ళ బండికి ఏదో చోట దెబ్బ తగలకుండా ఉండదు. కానీ తలుపు కింది భాగమంతా అయస్కాంతం జారిపోతే లోపల రేకు లేదనే లెక్క.

తర్వాత మ్యాట్లు. నాలుగు వైపులా ఎత్తించండి. "అతికించేశాం సార్, రాదు" అంటే రానివ్వాల్సిందే. డ్రైవర్ కాళ్ళ దగ్గర, వెనక సీటు కింద, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో, బ్యాటరీ కింద, ముందు అద్దం రబ్బరు అడుగున వేలితో నొక్కి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్ళినది మొద్దుగా పలుకుతుంది. యజమాని అనుమతితోనే తట్టండి, మొనతో పొడవొద్దు. బురద ఎండిన గీత తలుపు లోపలి అట్ట వెనకో, సీటు స్ప్రింగుల మీదో ఒకే ఎత్తులో కనిపిస్తే అది వరద బండి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మే పరీక్ష. నాలుగు తలుపులూ మూసి, తలుపుకీ స్తంభానికీ మధ్య సందు ఎంతుందో చూసుకోండి. ఇప్పుడు కంపెనీ ఇచ్చిన జాక్ పాయింట్ దగ్గర జాకీ పెట్టి ఒక పక్క చక్రాలు లేచేదాకా ఎత్తించండి. మళ్ళీ తలుపు తెరిచి మూయండి. ఇందాకటిలాగే పడితే బాడీలో ప్రాణముంది. తలుపు ఇరుక్కున్నా, సందు ఒకచోట మూసుకుపోయి ఇంకోచోట తెరుచుకున్నా, జాకీ పాయింటే లోపలికి కుంగినా ఆ బండిని అక్కడే వదిలేయండి. ఇంత చేసేటప్పుడు ఎవరూ బండి కిందికి వెళ్ళకూడదు. కింద చూడాలంటే ర్యాంపు ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళండి. ర్యాంపు డబ్బు మీరే ఇవ్వండి, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ర్యాంపు మీద కమాన్ కట్టలు బిగించిన చోట్లు చూడండి. అక్కడ రేకు మీద రేకు అతికించిన వెల్డింగ్ ఉంటే ఎంత నీటుగా చేశారో గమనించండి. మందపాటి నల్లటి అండర్‌కోటింగ్ ఈ మధ్యే కొట్టి ఉంటే దాని కింద ఏముందో అడగండి. సరైన జవాబు పని చేయించినప్పుడు తీసిన ఫొటోలే.

బాడీ సామాను గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజిన్ దశాబ్దాల పాటు తయారైంది కాబట్టి పిస్టన్లు, రింగులు, గ్యాస్‌కెట్లు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. రాణిగంజ్ షాపుల్లో అడగండి, లేకపోతే బొంబాయి నుంచో, కలకత్తా మల్లిక్ బజార్ నుంచో తెప్పిస్తారు. గ్రిల్లు, వంపు తిరిగిన అద్దాలు, తలుపు పిడులు, క్రోమ్ పట్టీలు, మీటరు డబ్బా అలా కాదు. మోడల్‌ని బట్టి మారతాయి, ఒకదానిది ఇంకోదానికి కుదరదు. బొంబాయిలో చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగిపోయింది. పాత సామానుకి అదొక పెద్ద ఊట, ఇక అది ఎండుతూ పోవడమే. కాబట్టి పగిలిన ముందు అద్దం, లేని గ్రిల్లు చిన్న లోపాలు అనుకోవద్దు.

చల్లటి ఇంజిన్ నిజం చెబుతుంది

స్టార్ట్ చేయొద్దని ఎందుకన్నానంటే, వేడెక్కిన పాత ఇంజిన్ సగం రోగాలు దాచేస్తుంది. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి, రేకు చూస్తూ, చల్లబడేదాకా ఆగండి.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్ళ మీద నూనె తెట్టె ఉండకూడదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగా ఉన్నా పర్వాలేదు, పాలు కలిసిన టీ రంగులో ఉండకూడదు. ఈ ఇంజిన్‌కి బ్లాకు పోత ఇనుముదైనా హెడ్, అంటే సిలిండర్ల పైన బిగించే మూత, అల్యూమినియంది. ఒక్కసారి బాగా వేడెక్కిందంటే హెడ్ వంగి గ్యాస్‌కెట్ పోతుంది, నీళ్ళూ ఆయిలూ కలుస్తాయి. మన మే నెల ఎండలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి హెడ్ దించిన ఫియట్లు ఎన్నో.

చోక్ లాగి సెల్ఫ్ కొట్టించండి. ఒకరు తాళం దగ్గర, మీరు సైలెన్సర్ వెనక. మొదటి క్షణంలో ఒక నీలి పొగ గుప్పుమని ఆగిపోతే వాల్వ్ గైడ్లు అరిగాయి, భరించవచ్చు. రేస్ ఇచ్చినప్పుడల్లా నీలి పొగ వస్తుంటే రింగులు పోయాయి, బోర్ చేయించాలి. నల్ల పొగ అంటే కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది, అది చిన్న పని. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్ళు లోపలికి వెళుతున్నాయి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ బుసబుసా తన్నకూడదు. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు వెలగకూడదు. వెలిగితే బేరింగుల పని మొదలైనట్టే.

మీతో వచ్చిన మెకానిక్ దగ్గర కంప్రెషన్ మీటర్ ఉంటే తప్పక పెట్టించండి. వేడి ఇంజిన్‌లో నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టాలి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే పది శాతానికి మించి తక్కువ వస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులదో, గ్యాస్‌కెట్‌దో.

ఇంజిన్ ఈ పరీక్షల్లో తప్పినా బండిని వదులుకోనక్కర్లేదు. కాగితమూ రేకూ గెలిచి ఉంటే, ఇంజిన్ దించి చేయించే ఖర్చు ధరలో తగ్గించుకుని కొనండి. ఇంజిన్ గెలిచి రేకు ఓడిన బండిని మాత్రం ఎంత తగ్గించినా కొనొద్దు.

బ్రేకులు, స్టీరింగ్

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పాత మోడళ్ళలో బ్రేక్ ఆయిల్ దారి ఒక్కటే, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, బండెక్కేది మీ పిల్లలు కాబట్టి చెబుతున్నాను. నిలబడ్డ బండిలో పెడల్‌ని గట్టిగా నొక్కి నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిందంటే మాస్టర్ సిలిండరో, చక్రం దగ్గర సిలిండరో పోయింది. టైరు లోపలి వైపు తడి ఉందేమో చూడండి. ఇవి సరిచేయకుండా రోడ్డెక్కవద్దు.

ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటే కింగ్ పిన్, అంటే ముందు చక్రం పక్కకి తిరగడానికి ఆధారమయ్యే కడ్డీ, అరిగింది. గ్రీజు పెట్టకుండా తిప్పినవాళ్ళ బండ్లలో ఇది మామూలే. సామాను దొరుకుతుంది కానీ బుష్‌లు సరిగ్గా రీమింగ్ చేసే, అంటే లోపలి రంధ్రాన్ని కొలతకి చెక్కే చెయ్యి కావాలి. స్టీరింగ్‌లో కొద్దిపాటి ప్లే ఉంటుంది. చక్రాలు కదలకుండా స్టీరింగ్ రెండు మూడు వేళ్ళ వెడల్పు కంటే ఎక్కువ తిరిగితే బాక్సు చూపించాలి.

రోడ్డు మీద

ఇన్సూరెన్స్ చెల్లుతోందని చూసుకున్నాకే బయల్దేరండి. ముందు అమ్మే ఆయన్ని నడపమనండి, మీరు పక్కన కూర్చుని చెవులు అప్పగించండి. తర్వాత మీరు తీసుకోండి.

స్టీరింగ్ పక్కన ఉండే గేరు అలవాటు లేనివాళ్ళకు మొదట తికమకగా ఉంటుంది. మీ చేతికి అలవాటు లేకపోవడం వేరు, లింకు బుష్‌లు అరిగి గేరు దొరక్కపోవడం వేరు. ఏళ్ళుగా నడుపుతున్న ఆయన కూడా రెండో గేరు కోసం తడుముకుంటుంటే తప్పు బండిదే. బంజారాహిల్స్ ఎత్తు ఒకటి ఎక్కించండి. మూడో గేరులో ఇంజిన్ రేస్ పెరిగి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఎత్తు మీదే ఆపి హ్యాండ్‌బ్రేక్ చూడండి. ఖాళీ రోడ్డులో, వెనక ఎవరూ లేరని చూసుకుని, యాభై వేగంలో బ్రేకు నొక్కితే ఒక పక్కకి లాగకూడదు. వేగాన్ని బట్టి వెనక నుంచి మూలుగు వస్తే డిఫరెన్షియల్, గేరు వేసినప్పుడు టక్కుమంటే షాఫ్టు జాయింట్లు.

చివరికి పది నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబెట్టండి. వేడి ముల్లు పైకి పోతూనే ఉంటే రేడియేటర్ దగ్గర పని ఉంది.

సీట్లు, పైకప్పు గుడ్డ, రేడియో చూసి ధర పెంచకండి. అవన్నీ ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

ధర మాట్లాడి, చేతులు మార్చుకునేటప్పుడు

మీ దగ్గరున్న మొత్తం డబ్బులో మూడో వంతు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లోనే బేరం చేయండి. మొదటి ఏడాదిలో ఆ మూడో వంతు తప్పకుండా ఖర్చవుతుంది. కనిపెట్టిన ప్రతి లోపాన్ని కాగితం మీద రాసి, పక్కన షెడ్డు వాళ్ళు చెప్పిన ఖర్చు వేసి, ఆయన ముందు పెట్టండి. బండిని తిట్టొద్దు. అది వాళ్ళింటి మనిషి లాంటిది, తిడితే బేరం చెడుతుంది.

అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు, ఆధార్ నకలు, అసలు ఆర్సీ చేతికి వచ్చిన రోజే మిగతా డబ్బు ఇవ్వండి. "బండి తీసుకెళ్ళండి, పేరు తర్వాత మార్చుకుందురు" అనే మాటకు ఒప్పుకోవద్దు. తేదీ, సమయం వేసి డెలివరీ నోట్ రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. ఆ గంట ముందు దాకా జరిగినవాటికి ఆయనది బాధ్యత, తర్వాత మీది.

ఇంటికి తెచ్చాక తిప్పాలని చెయ్యి దురద పెడుతుంది. ఒక్క వారం ఆగండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరుకి అది పడదు. పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేయించండి, పంపు డయాఫ్రమ్ మార్పించండి, బ్రేక్ హోస్‌లూ ఆయిలూ మార్పించండి, గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టించండి. ముందు సీటు దగ్గర చేతికి అందేలా మంటలార్పే చిన్న సిలిండర్ ఒకటి బిగించండి. ఆ పనులన్నీ అయ్యాక బండి బయటికి తీయండి.